కువైట్ కోమలి ఓటు

బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు ఎదురుగా, హైవేకు ఈ పక్కన, నీలం రేకుల కింద ఒక టిఫిన్ అంగడి ఉంది. దానికి బోర్డు లేదు. చెన్నై నుంచి బెంగళూరు పోయే లారీ డ్రైవర్లు "కువైటక్క అంగడి" అంటారు, అదే పేరు నిలిచిపోయింది. ఆ అక్క అసలు పేరు కోమలి. నలభై నాలుగేళ్ళ మనిషి. చెయ్యి, నోరు ఒకే వేగంతో ఆడతాయి. వారంలో ఆరు దినాలు కారం దోసెలు, వాటిలోకి శనక్కాయల ఊరుబిండి పచ్చడి. ఆదివారం మాత్రం పెద్ద డేగిసాలో మచ్బూస్ దించుతుంది. అది కువైట్ వాళ్ళ బిర్యానీ, ఎండు నిమ్మకాయలు వేసి వండుతారు. "ఇదేం బిర్యానీ అక్కా, కారమే ల్యా" అని మొదట్లో మొహం ముడుచుకున్నవాళ్ళే ఇప్పుడు పదకొండు గంటలకల్లా వచ్చి, ఉడికిన నిమ్మకాయ తమకే రావాలని పేచీ పెట్టుకుంటున్నారు.

కోమలి పుట్టింది ఐరాలలో. బంగారుపాళ్యం దొరస్వామి కొడుకు హరినాథ్‌ను చేసుకుని వచ్చింది. హరినాథ్ మామిడికాయల లారీ తోలేవాడు. కూతురు ప్రశాంతికి ఆరేళ్ళప్పుడు, పలమనేరు ఘాట్‌లో లారీ బోల్తా కొట్టి అతని కాలు రెండు చోట్ల విరిగింది. రెండేళ్ళు స్టీరింగు పట్టుకోవద్దన్నారు డాక్టర్లు. ఇంట్లో ఎవరో ఒకరు సంపాదించాలి. "కువైట్‌లో ఇంటి పని ఉండాదంట, నేను పోతా" అంది కోమలి.

మామ దొరస్వామి అరుగు మీద నుంచి లేచాడు. "ఆడదేంది, సముద్రం దాటేదేంది? మన ఇంటా వంటా ఉండాదా?"

అత్త భారతమ్మ ప్రశాంతిని చంకనెత్తుకుని కోమలి దగ్గరికి వచ్చింది. "నువ్వు పోయిరామ్మా. దీన్ని నేను సూసుకుంటా" అంది. ఆ మాటతో ప్రయాణం ఖాయమైంది.

అక్కడ మొదటి ఇల్లు మంచిది దొరకలేదు. దిగిన రోజే పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు, మర్నాడు ఫోను కూడా. తెల్లవారుజామున నమాజు వేళకు లేస్తే నడుం వాల్చేది ఎప్పుడో. ఆ ఇంటి చిరునామా ఏమిటో కూడా ఆమెకు తెలియదు. ఐదో నెలలో ఒక పగటి పూట చెత్త పారేయడానికని గేటు దాటి, చెత్త పారేసి, ఇక వెనక్కి తిరగకుండా నడిచిపోయింది. ఎండలో అట్లా నడుస్తున్న మనిషిని చూసి ఒక మలయాళీ టాక్సీ డ్రైవరు ఆపి, ఇండియన్ ఎంబసీ గేటు ముందు దించాడు. కిరాయి అడగలేదు.

ఎంబసీవాళ్ళు ఉంచిన చోట రాయచోటి ఆడవాళ్ళున్నారు, రాజంపేటవాళ్ళున్నారు, కోనసీమవాళ్ళున్నారు. అందరి కథా ఇంచుమించు ఒకటే. కోమలికి ఒక సంగతి మనసులో నాటుకుపోయింది. బయల్దేరేముందు వీళ్ళెవరికీ ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. ఏ కాగితంలో ఏముందో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో, ఏమీ తెలియకుండా విమానం ఎక్కారు. ఆమె కూడా అంతే.

ఎంబసీవాళ్ళు మొదటి ఇంటి నుంచి పాస్‌పోర్టు తెప్పించి వేరే ఇంట్లో పని కుదిర్చారు. ఆ రెండో ఇల్లు ఉమ్ ఖాలిద్‌ది. ఆమె బడిపంతులమ్మగా చేసి దిగిపోయిన ముసలావిడ, భర్త పోయాడు. పాస్‌పోర్టు కోమలి చేతికే ఇచ్చి "నీది నువ్వే పెట్టుకో" అంది. తొమ్మిదేళ్ళు ఆ ఇంట్లోనే ఉండిపోయింది కోమలి. అరబ్బీ నేర్చుకుంది, మచ్బూస్ నేర్చుకుంది. ప్రశాంతి చదువూ, హరినాథ్ కాలి ఆపరేషనూ, బంగారుపాళ్యంలో మిద్దె ఇల్లూ అన్నీ ఆ ఇంటి పనిలోంచే వచ్చాయి.

ఆ ఇంటికి చేరిన మరుసటేడు అక్కడ ఎన్నికలొచ్చాయి. ఓటు రోజు ఉమ్ ఖాలిద్ పొద్దున్నే తలంటుకుని, అత్తరు పూసుకుని, పెళ్ళికి పోయినట్టు తయారైంది. ఆడవాళ్ళు ఓటు వేసే చోటు ఒక ఆడపిల్లల బడి. కోమలి ఆమె హ్యాండ్‌బ్యాగు పట్టుకుని నీడలో కూర్చుంది. ముసలావిడ బయటికి వచ్చేటప్పుడు మొహం వెలిగిపోతోంది.

"మాకు ఓటు వచ్చి ఏడేళ్ళయింది, అంతే" అంది కారెక్కాక. "అప్పటికే నాకు యాభై దాటాయి. నేను పాఠం చెప్పిన మగపిల్లలు ఓటు వేసేవాళ్ళు, నేను వేసేదాన్ని కాదు. నీకెప్పుడొచ్చింది కోమలీ?"

"పద్దెనిమిదేళ్ళకే వచ్చింది మామా" అంది కోమలి. అక్కడ ఇంటి పెద్దావిడను మామా అంటారు. ఆ పిలుపు నోటికి రావడానికి కోమలికి మూడు నెలలు పట్టింది, ఎందుకంటే ఆమెకు మామ అంటే దొరస్వామే.

"ఎన్నిసార్లు వేశావు?"

"మూడుసార్లు."

"ఎవరికి?"

"మా ఆయన తండ్రి చెప్పినవాళ్ళకు."

ఉమ్ ఖాలిద్ ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "అయితే ఆ మూడూ ఆయన వేసినవే. నువ్వింకా ఒక్కటీ వేయలేదు!"

కోమలి కూడా నవ్వింది. కానీ ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ అదే మాట నెమరేసుకుంది.

ఉమ్ ఖాలిద్ చనిపోయాక కోమలి ఇల్లు చేరింది. హరినాథ్ అప్పటికే మళ్ళీ లారీ ఎక్కుతున్నాడు. ఆమె అంగడి పెట్టింది. పెట్టిన కొన్నాళ్ళకే ఓటర్ల జాబితా చూపించమని అడిగితే ఆమె పేరు లేదు. ఊళ్ళో లేదని ఎప్పుడో తీసేశారు. ఫారం నింపి, ఊళ్ళో ఓటర్ల జాబితా పని చూసే అంగన్‌వాడీ టీచరుకు ఇచ్చింది. ఫొటో సరిగా లేదంటే మళ్ళీ ఇచ్చింది. మూడోసారి ఆ టీచరే నవ్వి, "అక్కా, ఊళ్ళో వాళ్ళు కార్డు వచ్చినా తీసుకోను రారు, నువ్వేంది ఇంత ఎగబడతాండావు?" అంది. "నేనింకా ఒక్క ఓటూ ఏయలేదు పాపా" అంది కోమలి. టీచరుకు అర్థం కాలేదు. కార్డు మాత్రం వచ్చింది.

ఆ తర్వాత లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు కలిసి వచ్చాయి.

మే నెల. ఎండకు హైవే మీద తారు మెరుస్తోంది. ఫ్యాక్టరీల ముందు తొలి కోత కాయల ట్రాక్టర్లు వరస కట్టాయి. ఒక సాయంత్రం ఎంపీ అభ్యర్థి మునిశేఖర్ ఓపెన్ టాప్ బండి మీద వచ్చాడు. కాలేజీలో లెక్చరరుగా చేసిన మనిషి, గొంతు బాగా పలుకుతుంది. కోమలి అంగడి ముందే బండి ఆగింది.

"నన్ను ఢిల్లీకి పంపండి" అన్నాడు మైకులో. "మన చిత్తూరు ఆడబిడ్డ ఒక్కతె కూడా పరాయి దేశంలో పాచిపని చేయడానికి విమానం ఎక్కకుండా చట్టం తెస్తా! మన ఆడబిడ్డ మన గడ్డ మీదే ఉండాలి!"

ఈలలు, చప్పట్లు. కోమలి కూడా అందరితోపాటు రెండు చప్పట్లు కొట్టింది. మూడోదానికి చేతులు ఆగిపోయాయి. "ఒక్కతె కూడా" అంటే అందులో నేనూ ఉన్నా గదా అనిపించింది. పక్కనే నిలబడ్డ షహర్‌బాను మాత్రం ఇంకా కొడుతూనే ఉంది.

షహర్‌బాను అంగడిలో చట్నీలు రుబ్బుతుంది, పార్సిళ్ళు కడుతుంది. పేరుకు పనిమనిషి, నిజానికి స్నేహితురాలు. ఆమె చెల్లెలు ఉమ్మే హబీబా కూడా గల్ఫ్‌కు పోయి రెండేళ్ళకు తిరిగొచ్చింది. వచ్చినప్పటి నుంచి ఎక్కువ మాట్లాడదు. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే ఉలిక్కిపడుతుంది.

మర్నాడు పిండి కలుపుతూ ఇద్దరికీ మాటా మాటా పెరిగింది.

"ఆయప్ప సెప్పిందాంట్లో తప్పేముండాది అక్కా? పోనీకుండా ఆపితే మా హబీబా బాగుండేది."

"హబీబాకు పోయేముందు ఎవురన్నా ఇట్లుంటాది, ఇట్ల సేయాలని సెప్పింటే బాగుండేది గదా బానూ. నేను పోకుంటే ఈ అంగడేది, మా ప్రశాంతి నర్సింగేది?"

"నీకు మంచామె దొరికింది. అందరికీ దొరకతాదా?"

"అందరికీ దొరికేటట్ల సేయమనే నేననేది. ఆపేస్తే ఏమైతాది? దొంగదారిన పోతారు. అప్పుడు ఎంబసీ గూడా తలుపు తీయదు."

"నువ్వెన్నన్నా సెప్పు, నా ఓటు ఆయప్పకే."

"నాది మాత్రం కాదు పో."

ఉప్పు ఎవరు వేశారో ఇద్దరికీ గుర్తులేక, ఆ రోజు చట్నీలో ఉప్పు రెండుసార్లు పడింది.

మూడు రోజుల తర్వాత, పొద్దున ఎనిమిదింటికి, చెప్పాపెట్టకుండా మునిశేఖర్ అంగడికి వచ్చాడు. వెనకాల కెమెరాలు, ముప్పై మంది కండువాలు. ఎన్నికలప్పుడు నాయకులు దోసెలు పోసి ఫొటోలు దిగడం మామూలే. "పక్కకు జరగమ్మా, ఒకటి నేను పోస్తా" అన్నాడు నవ్వుతూ. కోమలి గరిటె చేతికిచ్చింది. ఆయన పిండి పోసి గుండ్రంగా తిప్పాడు. దోసె పడమటి వైపు కొంచెం సాగింది కానీ, లెక్చరరుకు అది బాగానే వచ్చినట్టు. కెమెరాలు దగ్గరికొచ్చాయి.

"సార్, ఒక మాట అడగొచ్చా?" అంది కోమలి.

"అడగమ్మా."

"ఆడోళ్ళు గల్ఫ్‌కు పోకుండా సట్టం తెస్తానన్నారు గదా. అది ఎందుకు సార్?"

"మీ మంచికే గదమ్మా. అక్కడ మీరు పడే బాధలు…"

"నా మంచి ఏందో నన్ను అడిగినారా సార్? నేను పదేండ్లు ఆడ ఉండొచ్చినా. మొదటి ఇంట్లో బాధలు పడినా, రెండో ఇంట్లో బతుకు నేర్సుకున్నా."

ఒక డ్రైవరు టీ గ్లాసుతో సహా లేచి దగ్గరికి వచ్చాడు.

"పోయినవాళ్ళల్లో ఎంతమంది చెడిపోయారో చూడమ్మా. ప్రమాదం గదా" అన్నాడు మునిశేఖర్.

"ప్రమాదమే సార్. మా ఆయన లారీ తోలి, పలమనేరు ఘాట్‌లో కాలిరగ్గొట్టుకున్నాడు. మరి లారీలు ఆపేసినారా?"

ఒక్కసారిగా నవ్వులు పేలాయి. అందరికంటే గట్టిగా నవ్వింది లారీ డ్రైవర్లే. ఒకడు బల్ల మీద దరువు వేశాడు. మునిశేఖర్‌కూ నవ్వు ఆగలేదు. నవ్వుతూ ఏదో చెప్పబోతుండగా షహర్‌బాను అరిచింది. "సార్, దోసె! దోసె!"

పెనం మీంచి పొగ లేస్తోంది. దోసె ఒక పక్క బొగ్గు. కండువా మనిషి ఒకడు "ఇంకోటి పోద్దాం సార్, కెమెరా ఆపండి" అన్నాడు. మునిశేఖర్ వద్దన్నాడు. దోసెను గీకి గీకి తీసి, ప్లేటులో వేసుకుని, బెంచీ మీద కూర్చుని మాడిన వైపు నుంచే తిన్నాడు.

"ఇది నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు చేయి కడుక్కుంటూ. "ఆలోచించి చెప్తా."

"పోలింగు లోపల సెప్పండి సార్" అంది కోమలి.

ఎవరో ఆ ముచ్చటంతా ఫోనులో తీశారు. సాయంత్రానికల్లా అది చిత్తూరు, తిరుపతి దాటి పోయింది. నర్సింగ్ చదువుతున్న ప్రశాంతి తిరుపతి నుంచి ఫోన్ చేసి, "అమ్మా, మా హాస్టల్లో అందరూ నిన్నే సూస్తాండారు. మా వార్డెను గూడా. లారీలు ఆపేసినారా అని నడవాలో ఒకరినొకరు అడుగుతాండారు!" అంది. దొరస్వామికి ఎవరో చూపిస్తే ఆయన రెండుసార్లు చూసి, ఫోను తిరిగిచ్చి, "దోసె మాడబెట్టింది" అని మాత్రం అన్నాడు.

మరో రెండు రోజులకు ఎదుటి పార్టీ అభ్యర్థి చంద్రకాంతమ్మ వచ్చింది. చిత్తూరు కోర్టులో లాయరు, వెంట్రుకలు నెరిసిన గట్టి మనిషి. ఆమె గరిటె జోలికి పోలేదు. బెంచీ మీద కూర్చుని "నాకు దోసె మాడకుండా కావాలి" అంది. అందరూ నవ్వారు. తింటూ ఒక్క గుక్కలో పది హామీలు ఇచ్చింది. గల్ఫ్‌కు పోయేవాళ్ళకు ఆఫీసు, లాయరు, బీమా, హెల్ప్‌లైన్, తిరిగొచ్చినవాళ్ళకు పని, ఇంకా ఏవేవో.

"అన్నీ మంచివే అమ్మా" అంది కోమలి. "ఢిల్లీలో మీరు ముందు సేసేది ఏది? ఒక్కటి సెప్పండి."

చంద్రకాంతమ్మ నమలడం ఆపింది. "ఒక్కటే అంటే…" అని కాసేపు ఆలోచించింది. "పోయే ప్రతి ఆడమనిషికీ ఆమె సంతకం పెట్టే కాగితం తెలుగులో ఉండాలి. చదివి వినిపించకుండా సంతకం పెట్టించుకోకూడదు. ముందు అది అడుగుతా."

కోమలి తల ఊపింది. మొదటి ఇంటికి పోయేముందు ఆమె సంతకం పెట్టిన కాగితం అరబ్బీలో ఉంది, ఇంగ్లీషులో ఉంది. ఏజెంటు వేలుపెట్టి చూపించిన చోటల్లా పెట్టింది.

ఆ రోజే మునిశేఖర్ దగ్గర నుంచి ఫోను వచ్చింది. మనుషుల చేత చేయించలేదు, తనే చేశాడు. "అమ్మా, ఆలోచించా. మా పెద్దక్క పదిహేనేళ్ళ కిందట పోయింది. పెట్టెలో తిరిగొచ్చింది. నేనే ఎయిర్‌పోర్టుకు పోయి తెచ్చినా. అందుకే ఆ మాట అనేది. నాకు వేరే మాట నోట్లోకి రావడం లేదు. నువ్వు చెప్పిందీ కాదనలేకున్నా."

"సార్, మీ అక్క సంగతి మైకులో సెప్పండి. అప్పుడు మీ మాట జనానికి అర్థమైతాది" అంది కోమలి. ఆయన ఆ రాత్రి సభలో చెప్పాడు. షహర్‌బాను విని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కోమలి కూడా తుడుచుకుంది. అయినా ఆమె మనసు మారలేదు. ఆ అక్కకు ఎవరో ఒకరు ముందే నాలుగు మాటలు చెప్పి పంపితే బతికుండేదేమో అన్నదే ఆమెకు తోచింది. ఎవరికి వేయాలో ఆ రోజే తేల్చుకుంది.

పోలింగుకు ముందు రోజు మధ్యాహ్నం భారతమ్మ అంగడికి వచ్చింది. ఎప్పుడూ రాదు. బెంచీ చివర కూర్చుని, చెమట తుడుచుకుని, నెమ్మదిగా అడిగింది.

"నువ్వు ఎవురికి ఏస్తాండావు కోమలీ?"

"ఎందుకత్తా?"

"నేనూ వాళ్ళకే ఏస్తా. మీ మామ సెప్పిందానికి ఈసారి ఏయను."

కోమలి పెనం మంట తగ్గించి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. "నేను సెప్పను అత్తా. మామ సెప్పింది ఇడిసి నేను సెప్పింది ఏస్తే నీకొచ్చిందేముండాది? నీకేం కావాలో నువ్వే సూసుకో."

"నాకేం కావాల్నా?" భారతమ్మ ఆశ్చర్యపోయింది. "ఆ మాట నన్నెవురూ అడగలా ఇంతవరకు."

"ఇప్పుడు అడుగుతాండా గదా."

డెబ్బై రెండేళ్ళ భారతమ్మ రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ కూర్చుంది. "నువ్వు పోయిన కొత్తల్లో ప్రశాంతి రోజూ గేటు కాడ కూసునేది" అంది. "విమానం పోతే చాలు, అమ్మా అని అరిసేది. పదేండ్లు ఆ బిడ్డిని నేను సాకినా. నువ్వు పడిన కష్టం నీకుండాది, నా కష్టం నాకుండాది. అయినా పొమ్మన్నది నేనే. ఇప్పుడైనా పొమ్మనే అంటా." తర్వాత ఆమె మొహంలో చిన్నపిల్లల కొంటెతనం కనిపించింది. "సరేలే. నేనూ సెప్పను" అని లేచి వెళ్ళిపోయింది.

పోలింగు నాడు అంగడికి తాళం. ప్రశాంతి ముందురోజే తిరుపతి నుంచి వచ్చింది, ఆమెకూ అదే తొలి ఓటు. హరినాథ్ లారీ కృష్ణగిరిలో ఆపేసి బస్సెక్కి వచ్చేశాడు. పొద్దున కాఫీలప్పుడు దొరస్వామి తెల్ల పంచె కట్టుకుని, గొంతు సవరించుకుని, ఎప్పట్లా ప్రకటించాడు.

"ఎంపీకి మునిశేఖర్ గుర్తు. అందరూ సరిగ్గా సూసి నొక్కండి."

ఎప్పుడూ "సరే నాయనా" అనే హరినాథ్ కాఫీ గ్లాసులోకి చూస్తూ ఊరుకున్నాడు. ప్రశాంతి నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది. భారతమ్మ కొంగు దోపుకుంటూ "సూద్దాంలే" అంది.

దొరస్వామి గ్లాసు కింద పెట్టాడు. యాభై నాలుగేళ్ళ కాపురంలో ఎన్నికల నాడు ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు. "ఏంది సూసేది?" అన్నాడు. జవాబు చెప్పడానికి ఆమె అప్పటికే అక్కడ లేదు. కోమలి స్కూటరు స్టార్ట్ చేసింది, భారతమ్మ ఆమె వెనక ఎక్కి కూర్చుంది.

హైస్కూల్లో ఆడవాళ్ళ వరస మగవాళ్ళ వరసకు రెండింతలు ఉంది. ఫ్యాక్టరీలో కాయలు ఏరేవాళ్ళు, పూలమ్మేవాళ్ళు, చంకన బిడ్డలతో వచ్చినవాళ్ళు, వేప చెట్టు నీడ కోసం వరసను వంకర చేసి నిలబడ్డారు. షహర్‌బాను తన చెల్లెలు హబీబాను కూడా తీసుకొచ్చింది. ఆ పిల్ల ఇల్లు కదిలి వచ్చి ఎన్నాళ్ళయిందో. వరసలో కోమలికి ముందు షహర్‌బాను, వెనక హబీబా, ఆమె వెనక భారతమ్మ.

"నువ్వు నొక్కే బటను నేను నొక్కే బటనుతో కొట్టుకుని పోతాది అక్కా" అంది షహర్‌బాను వెనక్కి తిరిగి. "నీ ఓటుకు నా ఓటు సరి. ఇద్దరమూ ఇంట్లో కూసోనుంటే సరిపోయేది!"

"కూసుంటే ఇట్ల కొట్లాడేది ఎట్ల?" అంది కోమలి. ముందూ వెనకా ఉన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళతో పాటు హబీబా కూడా చిన్నగా నవ్వింది. షహర్‌బాను అది చూసి, చూడనట్టు ముందుకు తిరిగింది. ఆమె భుజాలు మాత్రం తేలికపడ్డాయి.

లోపల ఎడమ చేతి వేలికి సిరా పెట్టారు. కోమలి అట్ట తెర వెనక్కి వెళ్ళి నిలబడింది. బల్ల మీద మెషిను, వరసగా పేర్లు, గుర్తులు. ఒక్క నిమిషం ఎవరి గొంతూ చెవిలో లేదు. మామ గొంతు లేదు, షహర్‌బాను గొంతు లేదు, ఉమ్ ఖాలిద్ నవ్వు కూడా లేదు. చంద్రకాంతమ్మ గుర్తు ఎదుట నొక్కింది. పక్క పెట్టెలో చీటీ కనిపించి, ఏడు సెకన్లు నిలబడి, కింద పడింది. కూత వినిపించింది. ఆ ఏడు సెకన్లూ కోమలి కన్ను తిప్పలేదు. తర్వాత రెండో మెషినులో ఎమ్మెల్యేకు నొక్కి బయటికొచ్చింది. ఎండ మొహాన కొట్టినా చల్లగానే అనిపించింది.

భారతమ్మ బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. ఏమైందోనని కోమలి గడప దాకా పోయింది. ముసలామె సిరా వేలు పైకెత్తి పట్టుకుని, పెళ్ళిపీటల మీంచి లేచినంత ఠీవిగా మెట్లు దిగింది. లోపల గుర్తులన్నీ ఒక్కొక్కటే చదివిందట. మొత్తం చదివాక గాని నొక్కలేదట. పోలింగు ఆఫీసరు "అవ్వా, అయిందా?" అంటే "ఉండప్పా, తొందరేముండాది, ఇంత కాలం తొందరగానే ఏసినా" అందట.

బయట నన్నారి షర్బత్ బండి దగ్గర దొరస్వామి ఎదురుచూస్తున్నాడు.

"ఎవురికి ఏసినావే?"

"నా ఓటు నేనేసుకున్నా."

"అదే, ఎవురికని?"

"అది సెప్పేది కాదంట. లోపల రాసిపెట్టిండారు" అని భారతమ్మ ఆయన చేతిలోని షర్బత్ గ్లాసు అందుకుని తాగేసింది.

దొరస్వామి మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నాల వేళ కోమలి మచ్బూస్ వడ్డిస్తుంటే, ఆదివారం కాకపోయినా ఆ రోజు వండింది, ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి అన్నాడు. "నేను గూడా ఎవురికి ఏసినానో మీకు సెప్పను పోండి."

ఇల్లంతా ఘొల్లుమంది. హరినాథ్‌కు పొలమారింది. దొరస్వామి కూడా మీసాల కింద నవ్వుతూ "నిమ్మకాయ నాకే పెట్టు" అన్నాడు.

లెక్కింపులో మునిశేఖర్ గెలిచాడు, పెద్ద తేడాతో కాదు. షహర్‌బాను ఆ రోజు అంగడికి వచ్చినవాళ్ళందరికీ తన చేత్తో పాయసం పోసింది. కోమలికి రెండు గ్లాసులిచ్చింది. "ఓడిపోయినోళ్ళకు ఎక్స్‌ట్రా" అంది. కోమలి రెండూ తాగింది.

కార్తీకంలో ఒక పొద్దున మళ్ళీ ఫోను. "అమ్మా, చట్టం సంగతి అడుగుతూనే ఉన్నా. అది ఎప్పుడయ్యేదో, అసలు అయ్యేదో కాదో చెప్పలేను" అన్నాడు మునిశేఖర్. "ఈలోగా పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు. నెలకొకసారి ఐరాలలో హాలు ఏర్పాటు చేయిస్తా. వాళ్ళకు నువ్వు చెప్తావా? నాకు నువ్వు ఓటు వేయలేదని తెలుసు. దోసె నాడే తెలుసు."

"సెప్తా సార్" అంది కోమలి. "మీ పార్టీ జెండా మాత్రం కట్టొద్దండి. చంద్రకాంతమ్మను గూడా ఒక దినం పిలుస్తా. కాగితాలు సదివేది ఆమెకు తెలుసు."

అవతల ఆయన నవ్వాడు. "పిలువు."

మొదటి రోజు, కోమలి పుట్టిన ఊళ్ళోని ఆ హాలుకు పద్నాలుగు మంది ఆడవాళ్ళు వచ్చారు. కోమలి వెంట షహర్‌బానును తీసుకెళ్ళింది. "నేను పొమ్మనేదాన్ని, నువ్వు వద్దనేదానివి. ఇద్దరిదీ ఇనాల వాళ్ళు" అంది. ముందు షహర్‌బాను మాట్లాడింది. చెల్లెలి సంగతి దాచకుండా చెప్పింది. తర్వాత కోమలి పాస్‌పోర్టు జిరాక్సులు ఎన్ని తీసుకోవాలో, అవి ఎక్కడెక్కడ ఉంచాలో, ఎంబసీ నంబరు ఎట్లా గుర్తుపెట్టుకోవాలో చెప్పింది. నంబరును అందరి చేతా పాటలాగా పది సార్లు పలికించింది. నీళ్ళు కావాలి, ఒళ్ళు బాగాలేదు, నా జీతం ఇవ్వండి, ఈ మూడూ అరబ్బీలో నేర్పింది. "జీతం ఇవ్వండి" అనేది అందరికీ ఒక్కసారికే వచ్చేసింది.

ఇంకేమన్నా అడగాలా అంటే, వెనక వరసలో ఒకామె చెయ్యెత్తింది. బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో పని చేసే రుక్మిణమ్మ. వచ్చే నెల ప్రయాణమట.

"అక్కా, ఆడ వాన పడతాదా?"

అందరూ నవ్వారు. కోమలి మాత్రం నవ్వకుండా బల్ల అంచు మీద కూర్చుంది. "పడతాది" అంది. "శీతాకాలంలో, ఏడాదికి నాలుగైదు సార్లు. పడిన దినం ఆడోళ్ళంతా మిద్దెలెక్కుతారు. ఆ మట్టి వాసన మన ఐరాల వాసనే, సూసుకో" అని, ఉమ్ ఖాలిద్ తన ఇంటి మిద్దె మీద చెప్పులు వదిలేసి, రెండు చేతులూ చాచి, వానలో గుండ్రంగా తిరిగిన రోజు సంగతి మొదలుపెట్టింది.